గెలల ధర, దిగుమతి సుంకం, ఆసియాన్ ఒప్పందం: ఆయిల్‌పామ్ రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

గెలల ధర పడిపోయిన ప్రతిసారీ తోటల్లో ఒక మాట వినిపిస్తుంది: "మలేషియాతో ఒప్పందం చేసుకున్నారు, మన కొంప ముంచారు" అని. ధర పెరిగినప్పుడు ఆ ఒప్పందం సంగతి ఎవరికీ గుర్తురాదు. ఈ మాటలో నిజం కొంతే ఉంది. ఒప్పందం వల్ల ఎంత నష్టం, మన ప్రభుత్వం ఎప్పటికప్పుడు తీసుకునే నిర్ణయాల వల్ల ఎంత నష్టం అన్నది విడదీసి చూడకపోతే, ఎవరిని ఏమి అడగాలో రైతుకు తెలియదు. మూడు నాలుగేళ్లు పెట్టుబడి పెట్టి, ఆ తరువాత పాతికేళ్లు దిగుబడి తీసే తోట ఇది. ధర బాగాలేదని వచ్చే సీజన్‌లో పంట మార్చే వీలు లేదు. మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూడవచ్చు. గెల కోసిన తరువాత ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యతే పోతుంది. అందుకే కొత్తగా మొక్కలు పెట్టాలనుకునే వారైనా, ఇప్పటికే కోత కోస్తున్న వారైనా ఈ సరిహద్దు లెక్కలు తెలుసుకోవాలి.

దేశంలో ఉత్పత్తయ్యే పామాయిల్‌లో చాలా పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. కానీ దేశం వాడే పామాయిల్‌లో అత్యధిక భాగం బయటి నుంచి వచ్చేదే. మన వంటనూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతులతోనే తీరుతుంది. ప్రపంచ పామాయిల్‌లో 80 శాతానికి పైగా ఇండోనేషియా, మలేషియా రెండే పండిస్తాయి. ఆ నూనె ఓడల్లో కాకినాడ, కృష్ణపట్నం రేవులకూ వస్తుంది. అంటే పెదవేగి తోటలో కోసిన గెల, సుమత్రా తోటలో కోసిన గెల ఒకే మార్కెట్లో పోటీ పడుతున్నాయి. వాటి మధ్య ఉన్న ఒకే ఒక గట్టు దిగుమతి సుంకం. ఆ గట్టు ఎత్తును ఎవరు నిర్ణయిస్తారన్నదే ఇక్కడ విషయం.

ప్రాంతీయ ఆర్థిక అనుసంధానం అంటే ఏమిటి?

ఇరుగుపొరుగు దేశాలు తమలో తాము సుంకాలు తగ్గించుకుని, సరుకు సులభంగా అటూ ఇటూ తిరిగేలా చేసుకునే ఏర్పాటు ఇది. ఇందులో మెట్లు ఉన్నాయి. కొన్ని సరుకుల మీద మాత్రమే రాయితీ ఇచ్చుకోవడం మొదటి మెట్టు. చాలా సరుకుల మీద సుంకం తీసేసుకుంటే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అంటారు. ఇందులో బయటి దేశాల మీద ఎవరి సుంకం వారిదే. బయటి దేశాలన్నింటికీ అందరూ కలిసి ఒకే సుంకం పెడితే అది కస్టమ్స్ యూనియన్. దక్షిణాఫ్రికా, దాని పొరుగు దేశాల కస్టమ్స్ యూనియన్ 1910 నుంచి ఉంది. సరుకుతో పాటు మనుషులు, పెట్టుబడులు కూడా స్వేచ్ఛగా తిరిగితే ఉమ్మడి మార్కెట్. ఐరోపా సమాఖ్య అంతకంటే ముందుకు పోయి, చాలా సభ్య దేశాలకు ఒకే కరెన్సీ పెట్టుకుంది. మన దేశం చేసుకున్నవన్నీ మొదటి రెండు మెట్లలోవే.

ప్రపంచ వాణిజ్య సంస్థ మూల సూత్రం ప్రకారం ఒక సభ్య దేశానికి ఇచ్చిన రాయితీ మిగతా సభ్యులందరికీ ఇవ్వాలి. ప్రాంతీయ ఒప్పందాలు ఆ సూత్రానికి మినహాయింపు. పాత గాట్ ఒప్పందంలోని 24వ అధికరణం ఇందుకు దారి ఇస్తుంది. మినహాయింపుగా మొదలైనదే ఇప్పుడు రివాజుగా మారింది.

దీనివల్ల వ్యాపారంపై రెండు రకాల ప్రభావం ఉంటుందని జాకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త 1950లోనే చెప్పారు. ఒకటి, ఇంట్లో ఎక్కువ ఖర్చుతో తయారయ్యే సరుకు బదులు పొరుగు దేశపు చౌక సరుకు రావడం. దీన్ని వాణిజ్య సృష్టి అన్నారు. కొనేవారికి లాభం, ఇంట్లో అదే సరుకు పండించేవారికి నష్టం. రెండోది, అసలు చౌకగా ఇచ్చే దేశాన్ని వదిలి, సుంకం రాయితీ ఉందన్న ఒకే కారణంతో వేరే దేశం దగ్గర కొనడం. ఇది వాణిజ్య మళ్లింపు. ఇందులో ఖజానాకు సుంకం పోతుంది, దేశం మొత్తానికి పెద్దగా కలిసివచ్చేదీ ఉండదు. ఈ రెండూ పామాయిల్ విషయంలో మన కళ్ల ముందే జరిగాయి.

ఆసియాన్ ఒప్పందంలో పామాయిల్‌కు ఏం రాశారు?

భారత్, ఆసియాన్ దేశాల మధ్య సరుకుల వాణిజ్య ఒప్పందంపై 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సంతకాలు జరిగాయి. మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో 2010 జనవరి 1 నుంచి, ఇండోనేషియాతో అదే ఏడాది అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. చాలా సరుకుల మీద సుంకం పూర్తిగా తీసేయాలని రాసుకున్నారు. మన రైతులకు దెబ్బ తగిలే ఐదు సరుకులను మాత్రం ప్రత్యేక జాబితాలో పెట్టారు: ముడి పామాయిల్, శుద్ధి చేసిన పామాయిల్, కాఫీ, టీ, మిరియాలు. వీటి మీద సుంకం సున్నా చేయనక్కర లేదు, పదేళ్లలో మెల్లగా తగ్గిస్తే చాలు.

ముడి పామాయిల్‌కు 80 శాతం దగ్గర మొదలుపెట్టి ఏటా 4 శాతం చొప్పున దించుతూ, 2019 డిసెంబరు 31 నాటికి 37.5 శాతానికి తేవాలి. శుద్ధి చేసిన పామాయిల్‌కు 90 నుంచి 45 శాతానికి. కాఫీ, టీలకు 100 నుంచి 45 శాతానికి, మిరియాలకు 70 నుంచి 50 శాతానికి.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా గమనించాలి. ఇవి వసూలు చేయాల్సిన సుంకాలు కావు. ఇంతకు మించి వసూలు చేయకూడదన్న పైకప్పు మాత్రమే. కప్పు కింద ఎంత ఎత్తులో ఉండాలన్నది పూర్తిగా మన కేంద్ర ప్రభుత్వం ఇష్టం.

ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర పామాయిల్‌కు మన దేశం రాసుకున్న పైకప్పు 300 శాతం. ఆసియాన్ ఒప్పందం లేకపోతే అంత వరకూ పెంచుకునే హక్కు ఉండేది. ఆ హక్కును 37.5 శాతానికి కుదించుకున్నాం. పామాయిల్ అమ్మేది ప్రధానంగా ఆ రెండు దేశాలే కాబట్టి, వాటికి ఇచ్చిన మాట అంటే ప్రపంచానికంతటికీ ఇచ్చిన మాటే. ఒప్పందం వల్ల రైతుకు జరిగిన అసలు నష్టం ఇది. ధరలు మరీ కుప్పకూలిన రోజున 60 శాతమో 80 శాతమో సుంకం వేసి ఆదుకునే అవకాశం పోయింది.

కప్పు ఎప్పుడు తగిలింది?

ఒప్పందం అమలులోకి వచ్చిన 2010లో ఒప్పందం ప్రకారం ముడి పామాయిల్‌పై 76 శాతం వరకు సుంకం వేయవచ్చు. వాస్తవంగా వేసింది సున్నా. ధరల పెరుగుదలను అదుపు చేయాలని 2008 ఏప్రిల్‌లోనే కేంద్రం ముడి నూనెల మీద సుంకం తీసేసింది. ఆ తరువాత కొన్నేళ్లు నామమాత్రపు సుంకమే నడిచింది. అంటే ఆ కాలంలో గెలల ధర తగ్గడానికి ఆసియాన్ ఒప్పందాన్ని తప్పు పట్టడానికి లేదు. కప్పు ఎక్కడో పైన ఉంది, మనం నేల మీద కూర్చున్నాం.

పరిస్థితి 2017, 2018ల్లో మారింది. నూనెగింజల రైతులను ఆదుకోవాలని కేంద్రం సుంకం పెంచుతూ పోయి, 2018 మార్చిలో ముడి పామాయిల్‌పై 44 శాతం, శుద్ధి చేసినదానిపై 54 శాతం చేసింది. ఆ ఏడాదికి ఆసియాన్ జాబితాలో ఉన్న అంకెలు సరిగ్గా అవే. 2019 జనవరిలో 44 కాస్తా 40 అయింది, 2020 జనవరిలో 37.5 అయింది. ఈ రెండు కోతలూ ప్రభుత్వం కావాలని చేసినవి కావు, ఒప్పందం ప్రకారం చేయక తప్పనివి. పదహారేళ్ల ఒప్పంద కాలంలో రైతును కప్పు నేరుగా అడ్డుకున్నది ఈ రెండు మూడేళ్లే.

వాణిజ్య మళ్లింపు ఎలా ఉంటుందో కూడా 2019లోనే తెలిసింది. మలేషియాతో మనకు ఆసియాన్‌తో పాటు 2011 జూలై నుంచి అమల్లో ఉన్న మరో ఒప్పందం విడిగా ఉంది. దాని లెక్క ప్రకారం మలేషియా నుంచి వచ్చే శుద్ధి చేసిన పామాయిల్‌పై సుంకం 45 శాతానికి ఏడాది ముందే దిగింది. ఇండోనేషియా నూనె మీద మాత్రం 50 శాతం. ఈ 5 శాతం తేడాకే దిగుమతిదారులు మలేషియా వైపు తిరిగారు. నూనె ఒకటే, ఓడ బయలుదేరే రేవు మాత్రం మారింది. శుద్ధి చేసిన నూనె వెల్లువలా రావడంతో మన రిఫైనరీలు గగ్గోలు పెట్టాయి. సెప్టెంబరులో కేంద్రం మలేషియా నూనెపై 180 రోజుల పాటు 5 శాతం రక్షణ సుంకం వేసి ఆ తేడాను పూడ్చింది. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతినే ఆంక్షల జాబితాలో చేర్చింది. ఏ ఒప్పందంలోనైనా ఇలాంటి రక్షణ నిబంధనలు ఉంటాయి. దిగుమతి ఒక్కసారిగా పెరిగి నష్టం జరుగుతోందని రుజువులతో అడిగినవారికే అవి పనికివస్తాయి. రిఫైనరీల సంఘాలు అడుగుతాయి. గెలల రైతుల తరఫున అలా అడిగేవారు తక్కువ.

అసలు దెబ్బ ఎక్కడ తగిలింది?

2021లో వంటనూనెల ధరలు మండిపోవడంతో కేంద్రం మళ్లీ కోతలు మొదలుపెట్టింది. ఆ ఏడాది అక్టోబరుకు ముడి పామాయిల్‌పై మూల సుంకం సున్నా అయింది. వ్యవసాయ సెస్సు, దాని మీద సర్‌ఛార్జి కలిపి 2022 ఫిబ్రవరి నుంచి మొత్తం 5.5 శాతమే మిగిలింది.

విచిత్రంగా, గెలల రైతులు మంచి ధర చూసిందీ అప్పుడే. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయింది. 2022 ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను నిషేధించింది. మన దగ్గర టన్ను గెలల ధర 20 వేల రూపాయలు దాటింది. అప్పుడు తెలంగాణలోని కొత్త జిల్లాల్లో చాలామంది ఆ ధర చూసే మొక్కలకు పేర్లు రాయించుకున్నారు. ఆ ఏడాది రెండో సగంలో ప్రపంచ ధర కూలింది. 2023 నాటికి గెలల ధర 13 వేల ప్రాంతానికి దిగింది.

ప్రపంచ ధర ఆకాశంలో ఉన్నప్పుడు సుంకం తగ్గించడం అర్థం చేసుకోవచ్చు. పట్నంలో కొనుక్కునే వారికి అది అవసరం, రైతుకు అప్పుడు నొప్పి తెలియదు. ధర కూలిన తరువాత కూడా రెండేళ్లకు పైగా, 2024 సెప్టెంబరు దాకా, సుంకాన్ని 5.5 శాతం దగ్గరే ఉంచడం రైతును దెబ్బతీసింది. ఆ కాలమంతా ఆసియాన్ కప్పు 37.5 శాతం దగ్గర ఖాళీగానే ఉంది. సుంకం పెంచడానికి మలేషియా అనుమతి అవసరం లేదు. కాబట్టి ఆ రెండేళ్ల నష్టాన్ని ఒప్పందం ఖాతాలో రాయడం సరికాదు.

2024 సెప్టెంబరు 14న సుంకం పెంచారు. ముడి నూనెపై అన్నీ కలిపి 27.5 శాతం, శుద్ధి చేసినదానిపై 35.75 శాతం. గెలల ధర వెంటనే కోలుకుంది. 2025 మే చివర్లో ముడి నూనెపై మూల సుంకాన్ని 20 నుంచి 10కి తగ్గించారు. అన్నీ కలిపి 16.5 శాతం అయింది. శుద్ధి చేసిన నూనె సుంకం మాత్రం కదపలేదు.

దీంట్లో రైతులు పెద్దగా పట్టించుకోని మెలిక ఒకటి ఉంది. ముడి నూనెకూ శుద్ధి చేసిన నూనెకూ మధ్య సుంకం తేడా పెరిగితే లాభపడేది రిఫైనరీలు. ముడి నూనె చౌకగా తెచ్చుకుని ఇక్కడ శుద్ధి చేసుకోవచ్చు కాబట్టి. ఈ నిర్ణయంతో తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. "దేశీయ పరిశ్రమకు ఊరట" అని వార్తల్లో చదివినప్పుడు ఆ పరిశ్రమ రేవు పక్కన ఉన్న రిఫైనరీ అని గుర్తుపెట్టుకోవాలి. గెలల ధర కట్టేది ముడి నూనె ధర మీద. ముడి నూనె సుంకం తగ్గితే శుద్ధి చేసిన నూనె సుంకం ఎంత ఉన్నా రైతుకు ఒరిగేది ఏమీ లేదు.

సుంకం ఒక శాతం మారితే మీ ఎకరానికి ఎంత?

జాతీయ వంటనూనెల మిషన్‌లో ఆయిల్‌పామ్‌కు పెట్టిన సూత్రం ప్రకారం టన్ను గెలలకు కంపెనీ చెల్లించాల్సింది ముడి పామాయిల్ ధరలో 14.3 శాతం. మన రెండు రాష్ట్రాలు నెలనెలా ప్రకటించే ధరలో నూనె దిగుబడి శాతం, అంటే ఓఈఆర్, గింజల విలువ కూడా కలుస్తాయి. అందుకే అశ్వారావుపేట ఓఈఆర్ ప్రకారం తమకూ ధర ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ రైతులు ఏళ్ల తరబడి అడిగారు. ఆ వివాదం పక్కనపెట్టి, లెక్క తేలిగ్గా ఉండటానికి 14.3 శాతాన్నే తీసుకుందాం. కింది అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, ఏ నెల ధరా కాదు.

మన రేవుకు చేరిన ముడి పామాయిల్ టన్ను 1,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. సుంకం లేకుండా 85,000 రూపాయలు. సుంకం 27.5 శాతమైతే 1,08,375. సుంకం 16.5 శాతమైతే 99,025. తేడా 9,350 రూపాయలు. అందులో 14.3 శాతం అంటే టన్ను గెలలకు సుమారు 1,337 రూపాయలు. ఎకరాకు 8 టన్నుల దిగుబడి ఉన్న తోటలో ఏడాదికి దాదాపు 10,700. పది ఎకరాల రైతుకు లక్ష రూపాయలు దాటుతుంది. ఎరువుల ఖర్చంతా అటూ ఇటూ అయ్యే మొత్తం ఇది, ఒక్క నోటిఫికేషన్‌తో.

అదే సుంకం 5.5 శాతానికి దిగితే నష్టం రెట్టింపు. పైకప్పు దాకా, అంటే 37.5కు పెరిగితే, 16.5 శాతంతో పోల్చినప్పుడు టన్నుకు సుమారు 2,550 రూపాయలు ఎక్కువ రావాలి.

లెక్క కాగితం మీద ఇంత శుభ్రంగా ఉన్నా మార్కెట్లో అలా జరగదు. మన దేశం పామాయిల్ కొనే దేశాల్లో అతి పెద్దది. మనం సుంకం తగ్గించామని తెలిస్తే అక్కడ ధర కాస్త పైకి లేస్తుంది. మనం పెంచితే అక్కడ కాస్త దిగుతుంది. ఇండోనేషియా తన ఎగుమతి సుంకాలను, లెవీలను తరచూ మారుస్తూ ఉంటుంది. కాబట్టి తేడాలో కొంత భాగం దారిలోనే ఇంకిపోతుంది. మనం వదులుకున్న సుంకంలో కొంత మన వినియోగదారుడికి చేరకుండా అమ్మేవాడి జేబులోకే పోతుందన్నమాట.

సుంకం ఒక్కటే చూసినా చాలదు. ఇదే ఉదాహరణలో ప్రపంచ ధర వంద డాలర్లు పడితే టన్ను గెలలకు సుమారు 1,400 రూపాయలు తగ్గుతుంది. అంటే సుంకంలో 11 శాతం కోత, ప్రపంచ ధరలో దాదాపు వంద డాలర్ల పతనం రైతుకు ఒకటే. డాలరు విలువ ఒక రూపాయి పెరిగితే టన్నుకు 165 రూపాయల దాకా కలిసివస్తుంది.

పక్క దారిన వచ్చే నూనె

నేపాల్‌లో ఆయిల్‌పామ్ తోటలు లేవు. అయినా నేపాల్ నుంచి మనకు పామాయిల్ వచ్చింది. మన సుంకం ఎక్కువగా ఉన్న 2018, 2019 ప్రాంతంలో ఇది బాగా నడిచింది. దక్షిణాసియా దేశాల ఒప్పందం సాఫ్టా 2006 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద నేపాల్, బంగ్లాదేశ్ వంటి వెనుకబడిన దేశాల సరుకుకు మన దగ్గర సుంకం లేదు. ఇండోనేషియా ముడి నూనె అక్కడికి పోయి, శుద్ధి అయి, సున్నా సుంకంతో మన సరిహద్దు దాటుతుంది. అంతకు ముందు శ్రీలంకతో 2000 మార్చి నుంచి అమలైన ఒప్పందం కింద వనస్పతి ఇలాగే వచ్చింది. 2024లో సుంకం పెరిగాక నేపాల్ నుంచి ఈసారి సోయా నూనె పెద్ద ఎత్తున దిగింది. అక్కడ ఆ మేరకు సోయా పండదు.

ఈ దారి మూయడానికి ఉన్నవే మూల నిబంధనలు. సరుకు నిజంగా ఆ దేశంలో పుట్టిందా, కనీసం చెప్పుకోదగ్గ పని అక్కడ జరిగిందా అని చూసే షరతులు ఇవి. ఆసియాన్ ఒప్పందంలో సరుకు విలువలో 35 శాతం సభ్య దేశాల్లో చేరాలి, సరుకు కస్టమ్స్ వర్గీకరణ కూడా మారాలి. సాఫ్టాలో వెనుకబడిన దేశాలకు 30 శాతం చాలు. కాగితం మీద 30 శాతం చూపించడం పెద్ద కష్టం కాదు. ఈ కారణంగానే 2020 సెప్టెంబరు 21 నుంచి కొత్త కస్టమ్స్ నిబంధనలు తెచ్చారు. మూల ధ్రువపత్రం ఉందన్నంత మాత్రాన చాలదు, ఆ సరుకు ఎలా తయారైందో దిగుమతిదారు వద్ద సమాచారం ఉండాలి. అనుమానం వస్తే అధికారులు రాయితీ ఆపవచ్చు. మన సుంకం ఎంత పెరిగితే పక్క దారి అంత లాభసాటి అవుతుంది. సుంకం పెంచమని అడిగే రైతు సంఘాలు ఈ దారి మీద నిఘా పెట్టమని కూడా కలిపి అడగాలి. రెండోది లేకుండా మొదటిది సగం పనే.

పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పెంచే గిరిజన రైతులకూ ఇదే కథ. మిరియాలు అత్యధికంగా పండించే వియత్నాం ఆసియాన్ సభ్య దేశం. అక్కడి మిరియాలపై సుంకం 50 శాతం. శ్రీలంక మిరియాలపై సాఫ్టా కింద 8 శాతం. ద్వైపాక్షిక ఒప్పందం కింద ఏటా 2,500 టన్నుల వరకు సుంకమే లేదు. వియత్నాం సరుకు శ్రీలంక పేరుతో వస్తోందని మిరియాల రైతులు మొత్తుకున్నాక, 2017 డిసెంబరులో కిలోకు 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టారు. ఆ ధర కంటే తక్కువకు తేవడాన్ని తరువాత నిషేధించారు.

లాభసాటి ధర హామీ ఎంతవరకు పనికివస్తుంది?

2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో మొదలైన ఆయిల్‌పామ్ మిషన్‌లో రైతుకు ఒక రక్షణ పెట్టారు. గత ఐదేళ్ల ముడి పామాయిల్ సగటు ధరను టోకు ధరల సూచీతో సరిచేసి, అందులో 14.3 శాతాన్ని లాభసాటి ధరగా నిర్ణయిస్తారు. నవంబరు 1 నుంచి మరుసటి అక్టోబరు 31 వరకు అది వర్తిస్తుంది. కంపెనీ ఇచ్చే సూత్రం ధర అంతకంటే తక్కువైతే, ఆ తేడాను ప్రభుత్వం నేరుగా రైతు ఖాతాలో వేయాలి. ఇందుకు రాష్ట్రాలు కేంద్రంతో అవగాహన ఒప్పందం చేసుకోవాలి. మొక్కల సాయాన్ని కూడా హెక్టారుకు 12 వేల నుంచి 29 వేలకు పెంచారు.

ఇది లేకపోవడం కన్నా ఉండటం చాలా మేలు. ఒప్పందం వల్ల సుంకం పెంచలేని పరిస్థితి వచ్చినా, రైతుకు నేరుగా డబ్బు ఇవ్వడాన్ని ఆసియాన్ కప్పు ఆపలేదు. కానీ రెండు లోపాలు చూసుకోవాలి. మొదటిది, ఐదేళ్ల సగటు అంటే ఐదేళ్లూ సుంకం తక్కువగా ఉంటే సగటు కూడా కిందికే జారుతుంది. ఒక ఏడాది దెబ్బను కాచుకుంటుంది గానీ నెమ్మదిగా దిగే ధరను ఆపలేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఈ పథకానికి గడువు 2037 నవంబరు 1. ఈ ఏడాది నాటిన మొక్క నాలుగో ఏట కాపుకు వస్తుంది, పాతిక ముప్పై ఏళ్లు కాస్తుంది. తోట జీవితంలో సగానికి పైగా హామీ లేకుండానే గడుస్తుంది. కొత్తగా నాటేవారు బ్యాంకు అప్పు లెక్కలు వేసుకునేటప్పుడు 20 వేల ధరను పట్టుకోకుండా, 12 లేదా 13 వేల ధరకు కూడా తోట నిలబడుతుందా అని చూసుకోవాలి. నీరు తక్కువ ఉన్న చోట, ఫ్యాక్టరీ దూరంగా ఉన్న చోట నిలబడదు.

ఎగుమతి చేసే పంటల వైపు

ఒప్పందాలన్నీ నష్టమేనని ఈ వ్యాసం అర్థం కాదు. అమ్మేవాడి వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. ఈక్వడార్‌కు 2017 నుంచి, వియత్నాంకు 2020 ఆగస్టు నుంచి ఐరోపా సమాఖ్యతో ఒప్పందాలు ఉన్నాయి. అక్కడి మార్కెట్లో వాటి రొయ్యకు దొరికిన సుంకం వెసులుబాటు భీమవరం రొయ్యకు ఇన్నాళ్లూ దొరకలేదు. పైగా మన రొయ్యల సరుకులో సగానికి పరీక్షలు చేస్తామని ఐరోపా 2016లో నిబంధన పెట్టింది. సుంకం పోయినా మందుల అవశేషాల పరీక్ష పోదు. మిర్చి, బియ్యం, రొయ్యలు పండించే వారికి ఒప్పందం కన్నా ముందు కావాల్సింది పరీక్షలో నెగ్గే సరుకు.

రైతు సంఘాలు గమనించాల్సినవి

దిగుమతి సుంకం లెక్కించడానికి వాడే పామాయిల్ టారిఫ్ విలువను కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు పక్షానికోసారి డాలర్లలో ప్రకటిస్తుంది. సుంకం మార్పు నోటిఫికేషన్లూ అక్కడే వస్తాయి. నెలనెలా గెలల ధర ప్రకటించినప్పుడు ఆ నెల టారిఫ్ విలువ, డాలరు రేటు, ముడి నూనె సుంకం మూడూ ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఆరు నెలలు రాస్తే, ధర తగ్గినప్పుడు కారణం మలేషియాలో ఉందా, ఢిల్లీలో ఉందా, ఫ్యాక్టరీ ఓఈఆర్‌లో ఉందా అన్నది మీకే తెలుస్తుంది. మూడింటికీ అర్జీ పెట్టాల్సిన చోటు వేరు.

పండుగలకు ముందు నెలల్లో, ఎన్నికల ముందు నూనె ధరల మీద ఒత్తిడి వచ్చినప్పుడు సుంకం కోత పడే అవకాశం ఎక్కువ. అర్జీ ఆ తరువాత కన్నా ముందు ఇవ్వడమే మేలు. అడిగేటప్పుడు "ఒప్పందం రద్దు చేయండి" అని రాస్తే అది ఏ బల్ల మీదా కదలదు. "ముడి పామాయిల్ ప్రపంచ ధర ఫలానా స్థాయికి దిగినప్పుడు సుంకం దానంతట అదే 37.5 శాతం వైపు పెరిగేలా ఏర్పాటు చేయండి" అని రాస్తే, ఒప్పందం లోపలే వీలయ్యే కోరిక కాబట్టి కుదరదని చెప్పడం కష్టం. ఆసియాన్ సరుకుల ఒప్పందాన్ని సమీక్షించుకోవాలని రెండు పక్షాలూ 2023 ఆగస్టులో అంగీకరించాయి. ఆ సమీక్షలో ముడి పామాయిల్ కప్పును ఇంకా కిందికి దించడానికి ఒప్పుకోవద్దని, పక్క దారి సరుకును ఆపే మూల నిబంధనలు గట్టిగా ఉంచాలని మీ పార్లమెంటు సభ్యుడి ద్వారా వాణిజ్య మంత్రిత్వ శాఖకు రాతపూర్వకంగా పంపండి. గెలల ధర అర్జీలు ఎక్కువగా వ్యవసాయ శాఖకే వెళుతుంటాయి. సుంకం నిర్ణయించేది ఆర్థిక శాఖ, ఒప్పందం మాట్లాడేది వాణిజ్య శాఖ. ప్రతి అర్జీ నకలు ఆ రెండు శాఖలకూ పంపడం మరవకండి.